అప్‌డేట్: తెలుగు మీడియం, ఇంటర్వ్యూ ఇంగ్లీషు

"తెలుగు మీడియం కదా, ఇంటర్వ్యూలో నోరు పెగలదు" అన్న నా నమ్మకం ఎలా పోగొట్టుకోవాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీ సలహాల్లో బాగా పనిచేసింది అంచనా రాసి సరిచూడటం.

పేజీ మధ్యలో గీత. ఎడమవైపు: "రెండో వాక్యానికే ఆగిపోతాను." ఫోన్‌లో 2 నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి, విని, నిజంగా ఆగిన చోటు కుడివైపు. ఆగింది ఏడో వాక్యంలో, "రెస్పాన్సిబిలిటీ" దగ్గర! రానిది ఆ ఒక్క మాటే.

అద్దం ముందు "నాకు వచ్చు" అనుకోవడం నిలవలేదు, రుజువు లేదుగా. చేసి గెలిచిన అనుభవమే ఆత్మవిశ్వాసానికి బలమైన ఆధారమని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే చెప్పాడు.

ఎక్కువగా తడబడేది తెలుగులో అనుకుని అనువదించినప్పుడు: మన క్రియ చివర్న వస్తుంది, ఇంగ్లీషులో కర్త తర్వాత వెంటనే క్రియ రావాలి. అందుకే ఆరేడు మాటల వాక్యాలు చాలు. రేపటి నుంచి ఫోన్ బదులు అక్క ముందు.