కొయ్యబొమ్మ'ల'నా, కొయ్యబొమ్మ'లె'నా?

కోకిల:
రెండు రోజులుగా గురజాడ ముత్యాలసరం (మాత్రల లెక్కతో నడిచే నాలుగు పాదాల పద్యం) ఒకటి నోట్లో తిరుగుతోంది. 'మెచ్చనంటావీవు, నీవిక మెచ్చకుంటే మించిపాయెను' వరకు అనుమానం లేదు. చివరి పాదం 'కోమలుల సౌరెక్కునా?' కూడా సరే. మూడో పాదం దగ్గరే ఆగిపోతున్నాను. నాకు 'కొయ్యబొమ్మల మెచ్చు కళ్ళకు' అని గుర్తు. మా అక్క మాత్రం 'కొయ్యబొమ్మలె' అని గట్టిగా అంటోంది. ఏది సరైన పాఠం?

గణవిభజన:
ఛందస్సును అడిగి లాభం లేదండీ. పలకడానికి పట్టే కాలాన్ని మాత్రల్లో కొలిస్తే 'కొయ్య' మూడు మాత్రలు, 'బొమ్మల' నాలుగు. 'బొమ్మలె' అన్నా నాలుగే. 'బొమ్మలే' అని దీర్ఘం తీస్తేనే ఐదై నడక చెడుతుంది, అందుకే కుదించారు. తన 'కాసులు' గేయంలో 'మగువలకు మగవారికొక్కటె' అన్నప్పుడు చేసింది కూడా ఇదే. ఆ అలవాటును బట్టి నా మొగ్గు 'లె' వైపు.

తాటాకు:
అలవాటు ఒక్కటే ఆధారం కాదు మాస్టారూ, అర్థం ఇంకా బలమైన ఆధారం. 'బొమ్మల మెచ్చు' అంటే కొయ్యబొమ్మను ఎన్నడైనా మెచ్చుకున్న ప్రతి కన్నూ దోషి అవుతుంది. 'బొమ్మలె మెచ్చు' అంటే అవి తప్ప ఇంకేదీ మెచ్చని కన్ను మాత్రమే. 'కొత్త పాతల మేలు కలయిక' అని రాసిన మనిషి పాతను మెచ్చడమే నేరమని అంటారా? ఆయనను విపరీతవాది అన్నవాళ్లు ఈ ఒక్క 'ఎ'ను వినలేదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసినప్పుడు కూడా ఆయన పేచీ పాత కావ్యాలతో కాదు. పిల్లలు ఈనాటి వచనాన్ని కూడా గ్రాంథికంలోనే రాయాలన్న పట్టుదలతో.

కోకిల:
తాటాకు గారూ, ఇది నాకు తట్టనే లేదు. కానీ 'బొమ్మల' అని ద్వితీయలో 'ను' వదిలేయడం పాత కవుల పద్ధతి కదా? 'అంటావు' పక్కనే 'నీవు'కు పాత రూపం 'ఈవు' అన్నట్టు, ఇక్కడ కూడా పాత రూపమే వాడి ఉండవచ్చు.

వరాహతీరం:
అక్షరం సంగతి తర్వాత, ముందు బొమ్మ సంగతి చూడండి. గురజాడ 1862లో పుట్టింది సర్వసిద్ధి రాయవరంలో. కొయ్యబొమ్మలు చేసే ఏటికొప్పాక అక్కడికి దగ్గరే. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికి రంగు కరిగి కర్రను పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. చిన్నప్పుడు గంటల తరబడి నిలబడి చూసేవాడిని. ఆ మెరుపు చూసిన కన్ను పక్కకు తిరగడం కష్టం. కవి మనసులో ఉన్నది ఆ బొమ్మలేనని నా నమ్మకం.

గణవిభజన:
నమ్మకం వరకు సరే. పద్యంలో ఊరి పేరు లేదు, రంగు ప్రస్తావన లేదు. ఉన్నది ప్రాణం లేని కొయ్యకు, ప్రాణమున్న కోమలులకు మధ్య పోలిక. ఇక్కడ బొమ్మ అంటే కదలని భాష.

వరాహతీరం:
భాష ఒక్కటేనా? 1910లో హేలీ తోకచుక్కను చూసి ఊళ్లు హడలిపోతుంటే, దాన్ని సంఘసంస్కరణ ప్రయాణ పతాక అన్నది ఈ ముత్యాలసరాల్లోనే కదా! మెచ్చనన్నవాళ్లు భాషను మాత్రమే కాదు, ఆ పతాకను కూడా మెచ్చలేదు.

కోకిల:
నాలుగో పాదంలో 'సౌరెక్కునా' కూడా చూడండి. సౌరు, అంటే అందం, కంటికి 'ఎక్కడం'. ఈ రోజుకీ ఫలానా పాట నాకెక్కలేదు అంటాం. నూరేళ్లు దాటినా ఆ క్రియ వాడిపోలేదు. ఆయన మీద నాకు ప్రేమ పెరిగేది ఇలాంటి చోటే.

తాటాకు:
నన్ను ఇంకా వేధించేది 'మించిపాయెను'. 'ఇప్పుడేం మించిపోయింది?' అని ధైర్యం చెబుతాం. ఆయన ఆ 'ఏం' తీసేశారు. మెచ్చకపోతే అదను దాటిందంటున్నారా, మెచ్చకపోతే పోనీ అంటున్నారా? కందుకూరిని తలచుకుంటే మొదటి అర్థం గుండెకు తగులుతుంది. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి వెలి బెదిరింపులకు లొంగని మనిషి. ఆ పంతులుగారు కూడా వాడుక భాష వైపు పూర్తిగా రావడానికి 1919 దాకా పట్టింది. ఆ ఏడు వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు, మే నెలలో కన్నుమూశారు. అది చూడటానికి గురజాడ లేరు, 1915లోనే వెళ్లిపోయారు.

గణవిభజన:
కందుకూరి పేరు ఈ పద్యానికి అంటగట్టవద్దు. 'ఈవు' ఏకవచనం. అది ఇంట్లో మనిషితో మాట కావచ్చు, పండితుడితో కావచ్చు, ఎదుట ఉన్న పాఠకుడితోనే కావచ్చు. ముందు అది తేలాలి.

తాటాకు:
పండితుడే. ఇంట్లో మనిషితో అంత కరకుగా మాట్లాడరు.

కోకిల:
అక్కకు ఫోను చేసి పద్యం చదివించుకున్నాను. ఆమె 'బొమ్మలె' దగ్గర ఒక్క క్షణం ఊతమిచ్చి 'మెచ్చు' మీదికి దిగింది. మా నాన్నగారు అలాగే చదివేవారట. నేను చదివితే ఆ ఊతం రావడం లేదు, 'బొమ్మల'తో పాదం జారిపోతోంది. పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పుట ఫొటో పెట్టండి.

వరాహతీరం:
మా అటక మీద ఒకటి ఉండాలి, ఆదివారం దించి చూస్తాను. గణవిభజన గారూ, 'కోమలుల' బహువచనం గురించి మీరేమీ అనలేదు. ఎదుట ఉన్నది ఒక్కరే అయినప్పుడు కోమలులు ఎందుకయ్యారు?