సూపర్‌హీరో ఎవరికి జవాబు చెప్పాలి? మీ పక్షం ఎప్పుడైనా మారిందా?

నిద్రలేని_రాత్రి:
2016లో 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్' వచ్చినప్పుడు నేను పూర్తిగా కెప్టెన్ వైపే. మంచి చేసేవాడికి పర్మిషన్ ఎందుకు, సూపర్‌హీరోలు ఐక్యరాజ్యసమితి చెప్పినట్టే నడవాలని 117 దేశాలు ఒప్పందం రాసి సంతకం పెట్టమంటే ఎందుకు పెట్టాలి అని ఫ్రెండ్స్‌తో గంటలు గంటలు వాదించాను. మొన్న మా అమ్మాయితో కలిసి మళ్లీ చూశాను. మొదట్లో ఒక తల్లి లిఫ్ట్ దగ్గర టోనీ స్టార్క్‌ని, అంటే ఐరన్‌మ్యాన్‌ని ఆపి, సూపర్‌హీరోల పోరాటంలో నాశనమైన సొకోవియా అనే కల్పిత దేశంలో చనిపోయిన కొడుకు ఫోటోని అతని గుండెకేసి గట్టిగా నొక్కుతుంది కదా, అక్కడ మా అమ్మాయి పాజ్ నొక్కి "ఆవిడ ఎవరి మీద కేసు వెయ్యాలి నాన్నా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. కోర్టు లేదు, ఎన్నిక లేదు, ఆ తల్లి అర్జీ తీసుకునే ఆఫీసు కూడా ఎక్కడా లేదు. ఇన్నాళ్లూ నాకు ఈ ప్రశ్న ఎందుకు తట్టలేదో. మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా?

పాతపుటలు:
నాది ఉల్టా అనుభవం. సూపర్‌మ్యాన్ అంటే ప్రభుత్వం మనిషి, జెండా పక్కన నిలబడి నవ్వే మనిషి అనుకునేవాణ్ణి. 1938 నాటి మొదటి కథ రీప్రింట్ దొరికి చదివాక ఆ అభిప్రాయం పోయింది. అందులో చేసే మొదటి పనే అర్ధరాత్రి గవర్నర్ ఇంట్లోకి దూరడం, గవర్నర్ పడుకున్న గది ఉక్కు తలుపు పీకెయ్యడం. నిర్దోషి అయిన ఒక ఆడమనిషికి కాసేపట్లో మరణశిక్ష అమలు కాబోతోంది, అది ఆపాలి. తర్వాత పెళ్లాన్ని కొట్టేవాడి పని పడతాడు. ఆ తర్వాత వాషింగ్టన్ వెళ్లి, సెనేటర్‌ని లోబరుచుకుంటున్న దళారిని పట్టుకుని తీగల మీద పరిగెత్తి వాడికి ముచ్చెమటలు పట్టిస్తాడు. వేరే గ్రహం నుంచి వచ్చిన రాక్షసుడెవడూ లేడు. రాసిన జెర్రీ సీగెల్, బొమ్మలు వేసిన జో షుస్టర్ ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు, అప్పటికి అమెరికాలో మహామాంద్యం ఇంకా తీరలేదు. ఆ కోపం ప్రతి పేజీలో తెలుస్తుంది. 1939లో ఒక కథలో మురికివాడ మొత్తం నేలమట్టం చేయిస్తాడు, అప్పుడైనా ప్రభుత్వం పేదలకు కొత్త ఇళ్లు కడుతుందని.

సూటిమాట:
పాతపుటలు గారూ, మీరు చెప్పిందే నన్ను భయపెడుతోంది. గవర్నర్ తలుపు పీకినవాడు ఈసారి నిర్దోషిని కాపాడాడు కాబట్టి చప్పట్లు కొట్టాం. రేపు అదే బలంతో మనకు నచ్చిన గవర్నర్‌ని దింపేస్తే? వాణ్ణి ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ తీసెయ్యలేరు. కథలో హీరో మంచివాడని రచయిత ముందే హామీ ఇస్తాడు. బయట ఆ హామీ ఎవరూ ఇవ్వరు.

రంగు_గీత:
నేను బొమ్మలు వేసి బతికేదాన్ని కాబట్టి ఈ విషయం నన్ను బాగా పట్టుకుంది. ఆ కోపం తర్వాత కథల్లో ఎందుకు తగ్గిపోయిందని వెతుక్కుంటూ వెళితే 1954 కామిక్స్ కోడ్ దగ్గర ఆగాను. అమెరికా సెనేట్ విచారణ తర్వాత పబ్లిషర్లు తమకు తాము పెట్టుకున్న నియమాలు అవి. పోలీసులను, జడ్జీలను, ప్రభుత్వ అధికారులను గౌరవం పోయేలా చూపించకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఇక గవర్నర్ తలుపు ఎవరు పీకుతారు? నేను వేసిన ఒక బొమ్మలో పోలీసు ముఖం క్రూరంగా ఉందని ఒకసారి మార్పించారు, ఏ నియమమూ చూపించలేదు, "ఎందుకొచ్చిన గొడవ" అన్నారంతే. పెన్సిల్ పట్టుకుని ఆ ముఖానికి నవ్వు గీస్తుంటే చెయ్యి ఆడలేదు. ఆ కోడ్ ఎంత బిగుసుకుపోయిందంటే, 1971లో మత్తుమందుల ప్రమాదం గురించి కథ రాయమని ప్రభుత్వ ఆరోగ్య శాఖే స్పైడర్‌మ్యాన్ రచయిత స్టాన్ లీని అడిగితే కూడా, కోడ్ వాళ్లు అట్ట మీద తమ ఆమోద ముద్ర వెయ్యం అన్నారు. స్పైడర్‌మ్యాన్ మూడు సంచికలు ముద్ర లేకుండానే బయటికొచ్చాయి. ఆ దెబ్బకి కోడ్ సడలించాల్సి వచ్చింది.

కెమెరా_గది:
నా పక్షం మారింది సినిమాలో కాదు, ఉద్యోగంలో. 2008 'ది డార్క్ నైట్'లో నగరంలోని ప్రతి ఫోన్‌నీ బ్యాట్‌మ్యాన్ నిఘా యంత్రంగా మారుస్తాడు. గోడంతా వెలుగుతున్న తెరల ముందు నిలబడి, బ్యాట్‌మ్యాన్‌కి పరికరాలు సమకూర్చే లూసియస్ ఫాక్స్ ఇంత అధికారం ఒక్కడి చేతిలో ఉండకూడదంటాడు, ఈ ఒక్కసారికే సాయం చేస్తా, యంత్రం ఇక్కడుంటే నేనుండను అంటాడు. మొదటిసారి చూసినప్పుడు ఈ పెద్దాయన సాగదీస్తున్నాడే అనుకున్నాను. కొన్నేళ్లకి ఒక సంస్థలో కెమెరాలు చూసుకునే పనిలో చేరాను. దొంగతనాల కోసమని పెట్టారు. మూడో నెలలో, జీతాల గురించి ఎవరెవరు గుమిగూడి మాట్లాడుకుంటున్నారో లిస్టు ఇవ్వమన్నారు. నేను ఇచ్చాను. రెండుసార్లు ఇచ్చాను. మూడోసారి మానేసి బయటికొచ్చాను కానీ ఆ రెండు లిస్టుల్లో ఉన్నవాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. సినిమాలో చివరికి ఫాక్స్ తన పేరు టైప్ చేస్తే యంత్రం ధ్వంసమైపోతుంది. అక్కడ కెమెరాలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

సూటిమాట:
కెమెరా_గది అన్నా, ఇది రాసినందుకు థాంక్స్. అంత తేలిక కాదు.

మధ్యాహ్నం:
"ఈమధ్యే సూపర్‌హీరో కథల్లోకి రాజకీయాలు దూర్చారు" అనేవాళ్లకి ఒక్క మాట. కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అట్ట మీదే హిట్లర్ దవడ పగలగొడుతున్నాడు. అది షాపుల్లోకి వచ్చింది 1940 డిసెంబర్‌లో, అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఏడాది ముందు. సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీలకు బెదిరింపులు వస్తే పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. ఇంకో సంగతి, 2012 'అవెంజర్స్'కి సాయం చెయ్యడం నుంచి అమెరికా రక్షణ శాఖ తప్పుకుంది, సినిమాలో సూపర్‌హీరోలను కూడగట్టే షీల్డ్ అనే సంస్థ ఎవరి కింద పనిచేస్తుందో తేలడం లేదని. మీ అమ్మాయి అడిగిన ప్రశ్నే దాదాపుగా.

నిద్రలేని_రాత్రి:
అందరివీ చదివాను, కొన్ని మా అమ్మాయికి చదివి వినిపించాను. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మెడకు చుట్టుకున్న వాటర్‌గేట్ కుంభకోణం రోజుల్లో, 1974లో వచ్చిన కెప్టెన్ అమెరికా కథ కూడా చెప్పాను. కుట్ర నాయకుణ్ణి వెంటాడుతూ వైట్‌హౌస్ లోపలి దాకా వెళతాడు, ముసుగు తీసి చూస్తాడు, ఆ ముఖం మనకు చూపించరు. ఆ తర్వాత కెప్టెన్ ఆ పేరూ ఆ డ్రెస్సూ వదిలేస్తాడు, కొన్నాళ్లు నోమాడ్ అనే పేరుతో తిరుగుతాడు. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "మరి ఆ ఫోటో పట్టుకున్న ఆంటీ దగ్గరికి ఎవరైనా మళ్లీ వెళ్లారా?" అని అడిగింది. సినిమా మొత్తం మళ్లీ చూశాం. ఎవరూ వెళ్లలేదు.