2024 రాక్, పాప్ ఆల్బమ్స్‌లో మీకు నచ్చిందేది?

ప్రశ్న: ది క్యూర్ బ్యాండ్ 16 ఏళ్ల తర్వాత తెచ్చిన ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ని అందరూ తెగ పొగుడుతున్నారు. నాకేమో మొదటి పాటలో గొంతు వినపడేసరికే ఓపిక అయిపోయింది. నాకొక్కడికేనా ఇలా?

జవాబు: ఆ మొదటి పాట ‘అలోన్’లో మూడు నిమిషాలకు పైగా ఉత్త వాయిద్యాలే, నిజమే, కానీ అసలు మజా అదే కదా బాసూ! డ్రమ్స్ బరువుగా, నెమ్మదిగా పడుతూ ఉండగా సింగర్ రాబర్ట్ స్మిత్ గొంతెత్తితే ఒళ్లు జలదరిస్తుంది. వేరే పని చేసుకుంటూ వింటే ఎక్కదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విను, ఉన్నవి ఎనిమిది పాటలే.

జవాబు: నా ఓటు బిల్లీ ఐలిష్‌కి. ఆమె పాట ‘లామూర్ డ మా వీ’ నింపాదిగా సాగి సాగి, ఒక్కసారిగా సింథ్ పాప్‌లోకి (సింథసైజర్ మోతల పాప్) దూకేస్తుంది.

జవాబు: లింకిన్ పార్క్ బ్యాండ్ ఆల్బమ్ ‘ఫ్రమ్ జీరో’ ఊసే ఎత్తరేం? కొత్త సింగర్ ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని పాత సింగర్ చెస్టర్‌తో పోల్చడం ఆపి వినండి, అరుపులు అదరగొట్టింది. పాటలు కొన్ని మరీ పాత ఫార్ములానే అనుకోండి.