ఉద్గారాల తగ్గింపు చట్టాన్ని బొగ్గు ఊళ్లవాళ్లం సమర్థించాలా?

న్యాయవిద్యార్థిని:
వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు) అధికరణాల కింద పౌరుల హక్కేనని సుప్రీంకోర్టు 2024 మార్చిలో చెప్పింది. బట్టమేక పిట్ట గురించి, అంటే మన రోళ్లపాడు గడ్డిభూములకు పేరు తెచ్చిన పక్షి గురించి నడిచిన కేసు అది. ఈ విషయంపై దేశంలో సమగ్ర చట్టమేదీ లేదని కూడా ఆ తీర్పులోనే ఉంది. అటువంటి చట్టాన్ని మనం కోరాలా?

కొత్తగూడెం పాఠకుడు:
అక్కరలేదు. ఇంధన పొదుపు చట్టాన్ని 2022లో సవరించి కార్బన్ క్రెడిట్ల వ్యాపారానికి, అంటే లక్ష్యాన్ని మించి ఉద్గారాలు తగ్గించినవారు ఆ మిగులును ఇతరులకు అమ్ముకునే పద్ధతికి, దారి వేశారు. సిమెంటు, అల్యూమినియం వంటి పరిశ్రమలకు లక్ష్యాలు కూడా పెట్టారు. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు (గాలిలోకి వదిలినంతా తిరిగి తొలగించడం) సాధిస్తామని గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత్ చేసిన ప్రకటనను చట్టంలోకి ఎక్కిస్తే ప్రతి విద్యుత్ కేంద్రంపైనా వ్యాజ్యం పడుతుంది, చివరికి దెబ్బ తినేది గని కార్మికుడే. తరాల తరబడి బొగ్గు మండించి బాగుపడిన దేశాలతో మనకు పోటీ ఏమిటి?

బెల్లంపల్లి పాతకాపు:
చట్టం వస్తే గనులు మూతపడతాయని మీ భయం. మా ఊరి భూగర్భ గనులు ఏ వాతావరణ చట్టమూ లేకుండానే మూతపడ్డాయి. షిఫ్టు సైరన్ కూత విని మా అమ్మ పొయ్యి వెలిగించేది. ఆ కూత ఆగిపోయి ఏళ్లు గడిచాయి. 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులున్న సింగరేణిలో ఇప్పుడున్నది దాదాపు 40 వేల మంది, అదే కాలంలో ఉత్పత్తి మూడు రెట్లకు పైగా పెరిగింది. ఉద్యోగాలు పోయింది ఓపెన్‌కాస్టు యంత్రాల వల్లే గాని పర్యావరణవాదుల వల్ల కాదు.

ఇక మీరు చెప్పిన కార్బన్ క్రెడిట్ల పథకం అడిగేది టన్ను సరుకుకు ఎంత ఉద్గారం అన్న నిష్పత్తిని మాత్రమే. ఒక సిమెంటు కర్మాగారం టన్నుకు 5 శాతం తగ్గించుకొని, ఉత్పత్తిని 20 శాతం పెంచిందనుకోండి: కాగితం మీద అది ప్రగతి, గాలిలోకి వెళ్లేది మాత్రం 14 శాతం ఎక్కువ. పైగా తప్పనిసరి లక్ష్యాలున్న రంగాల్లో థర్మల్ విద్యుత్తు లేదు కాబట్టి రామగుండం చిమ్నీలు ఆ లెక్కలోకే రావు.

బ్రిటన్ 2008లో చేసిన చట్టం ఐదేళ్లకొక ఉద్గార పరిమితి పెట్టి, ప్రభుత్వం ఎంతవరకు వచ్చిందో పార్లమెంటుకు చెప్పడానికి స్వతంత్ర కమిటీని నియమించింది. అక్కడి చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న ఆగింది. అయితే అక్కడి గని ఊళ్లు 1980ల మూసివేతలతోనే చితికిపోయాయి, ఆ తప్పు మనం చేయనక్కరలేదు. గని మూసే గడువూ, వారసత్వ ఉద్యోగం కోసం ఎదురుచూసే పిల్లలకు దానికి బదులు ఏమిస్తారన్నదీ ఒకే సెక్షన్లో రాసిన చట్టమైతేనే నా మద్దతు.

కొత్తగూడెం పాఠకుడు:
విద్యుత్తు సంగతి ఒప్పుకుంటాను. కాని డబ్బు మాటేమిటి? 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయలతో మొదలైన శుద్ధ ఇంధన సెస్సు 2016కల్లా 400కు చేరింది, మరుసటి ఏడాది రాష్ట్రాలకిచ్చే జీఎస్టీ పరిహారంలో కలిసిపోయింది. మీరు ఆ పిల్లల కోసం కోరుతున్నదానికి నిధి కావాలి కదా, దానికీ అదే గతి పట్టకుండా ఏ సెక్షన్ కాపాడుతుందో ఆ చట్టం ముసాయిదా రాసి చూపండి, నేనూ సంతకం చేస్తాను.