బరంపురంలో కొత్తగా దిగినవారికి: రొయ్యలతో, కూరగాయలతో త్వరగా అయ్యే రాత్రి వంట ఏది?

కొత్త సభ్యురాలి ప్రశ్న:
ఖమ్మం నుంచి ఉద్యోగం మీద ఒడిశాలోని బరంపురం వచ్చాను. ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. ఇక్కడి రొయ్యలతో, తాజా కూరగాయలతో త్వరగా అయ్యే వంట ఏదైనా ఉంటే పెద్దలు చెప్పగలరు.

బరంపురం నుంచి:
అమ్మా, బీరకాయ రొయ్యలను మించినది లేదు. ఒలిచిన రొయ్యలు పావు కిలో తీసుకుని, వీపు మీది నల్లటి నరం లాగేసి, ఉప్పు, పసుపు పట్టించి కడిగి, నూనె లేకుండానే బాణలిలో వేస్తే వాటి నీరు బయటికి వస్తుంది. ఆ నీరు ఇగిరి, రొయ్య రంగు తిరిగి కాస్త వంగగానే తీసి పక్కన పెట్టాలి. అదే బాణలిలో నూనె వేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి ముద్ద వేగాక బీరకాయ ముక్కలు వేసి మూత పెట్టండి; చుక్క నీరు పోయనక్కరలేదు. ముక్క మగ్గాక రొయ్యలు కలిపి రెండు నిమిషాలు ఉంచితే చాలు. మొదటి నుంచీ కలిపి ఉడికిస్తే రొయ్య రబ్బరులా సాగుతుంది. తరిగే ముందు ప్రతి బీరకాయనూ కొరికి చూడండి, చేదుగా ఉంటే పారేయండి.

ఛత్రపురం నుంచి:
వంట సంగతి అలా ఉంచి, నీచు వండుకోవచ్చో లేదో ముందు మీ ఇంటి యజమానిని అడగండి. మేము అద్దెకు దిగినప్పుడు మా ఒడియా యజమాని చేపలు వండుకోవచ్చని నోటిమాటగా చెప్పారు. మార్గశిర గురువారం ఆ ఇంట్లో బియ్యప్పిండి ముగ్గులు పెట్టి లక్ష్మీపూజ చేసుకుంటున్న సమయానికి మా వంటింటి కిటికీలోంచి రొయ్యల పోపు వాసన పైకి వెళ్లింది. ఆయన దిగివచ్చి, శుద్ధి ఖర్చును అడ్వాన్సులో కోసుకుంటామని అన్నారు, ఖాళీ చేసేటప్పుడు అన్నంత పనీ చేశారు. మార్గశిరం మన పంచాంగంలో చూసుకుని జాగ్రత్తపడండి.

పర్లాకిమిడి నుంచి:
మన పంచాంగం చూస్తే మళ్లీ దెబ్బ తింటారు. ఒడియావారి నెల పౌర్ణమితో ముగుస్తుంది కనుక వారి మార్గశిరం కార్తిక పౌర్ణమి మరునాడే, అంటే మనకంటే పక్షం ముందే మొదలవుతుంది. కార్తికంలోనూ చాలామంది నీచు ముట్టరు, చివరి ఐదు రోజుల పంచుకలో మరీ పట్టింపు. ఇక ఏప్రిల్ 15 నుంచి మే 31 వరకు సముద్రంలో వేట నిషేధం, చేప దొరకదు. బీరకాయ కంటే చింతచిగురే రొయ్యకు అందమని నా అభిప్రాయం.

గోపాలపురం నుంచి:
మే 31 పాత లెక్కండి. ఇప్పుడు జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు. ఆ నిషేధం ఇంజను లేని నాటుపడవలకు వర్తించదు కాబట్టి చేప అసలే దొరకదనడం సరికాదు. కొనేటప్పుడు రొయ్య తల ఒంటికి గట్టిగా అంటుకుని ఉందో లేదో చూడండి. చింతచిగురు ఏడాది పొడుగునా ఎక్కడ దొరుకుతుంది?

బరంపురం నుంచి:
అదీ మాట. అమ్మా, పక్కన తోటకూర వేపుడు చేసి, దించాక నిమ్మకాయ పిండండి. ఆ సి విటమిన్ తోడైతే ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. ఆకును కడిగిన తరువాతే తరగాలి. ఉదయం కొన్న రొయ్యలను ఒలిచి, మూతడబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి వెళితే రాత్రికి మిగిలేది పొయ్యి మీది పని మాత్రమే.