కాందిశీకులా, శరణార్థులా?

ప్రశ్న

మా ఇంటి చరిత్ర నాలుగు పేజీలు రాసి చుట్టాలకి పంచుదామని కూర్చున్నాను. మా ముత్తాతగారు చిన్నప్పుడే రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి అక్కడే రేవులో పనిచేసి, సంసారం పెట్టుకుని, 1942లో జపాను దాడి జరుగుతుంటే కాలినడకన తిరిగొచ్చారు. ఇలా వచ్చినవాళ్ళని ‘కాందిశీకులు’ అనాలా, ‘శరణార్థులు’ అనాలా? పేపర్లలో రెండూ ఒకటే అన్నట్టు రాస్తున్నారు. ‘కాంధిశీకులు’ అని వత్తు పెట్టి కూడా చూశాను.

జవాబు

ముందు వత్తు తీసేయండి. దకారానికి వత్తు లేదు, ‘శీ’కి దీర్ఘం ఉంది: కాందిశీకుడు.

సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘కాందిశీకో భయద్రుతః’ అని ఉంది. భయంతో పరుగెత్తినవాడు అని అర్థం. ‘కాం దిశం యామి’, అంటే ఏ దిక్కుకి పోను, అని గాభరాపడేవాడు కనక కాందిశీకుడు అని వ్యాఖ్యాతలు విడదీసి చెప్తారు. ఆ మాటలో బయల్దేరిన చోటు ఉంది, భయం ఉంది. చేరిన చోటు ఊసే లేదు. ‘శరణార్థి’ దానికి ఎదురు చివర నుంచి పుట్టింది: వచ్చి, మీ గుమ్మంలో నిలబడి, కాపాడమని అడిగేవాడు.

మీ ముత్తాతగారు ఎవరి గుమ్మంలోనూ నిలబడలేదు కదా, సొంత ఊరికే వచ్చారు. నేనైతే శరణార్థి అనను.

ఇంకో జవాబు

నాకు ‘కాందిశీకుడు’ కూడా అతకదనిపిస్తోంది. ఏ దిక్కుకి పోవాలో తెలియనివాడు అంటున్నారు. రంగంలో ఉన్న మనవాళ్ళకి ఇల్లు ఎటుందో తెలియదా? పైగా ఇప్పుడు ఆ మాట అంటే తెలంగాణలో ఎవరికైనా రెవెన్యూ గొడవే గుర్తొస్తుంది. ‘కాందిశీకుల భూములు’ అంటే దేశవిభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసిన భూములు. అక్కడ కాందిశీకుడు వెళ్ళినవాడు, మీ దగ్గర వచ్చినవాడు. చదివేవాళ్ళు తికమకపడరూ?

మా శ్రీకాకుళం వైపు ముసలివాళ్ళు ఈ మాటలేవీ అనేవారు కాదు. ‘రంగం నుంచి నడిచొచ్చీసేరు’ అనేవారు, అంతే.

మొదటి జవాబు రాసినవారు

తికమక లేదండీ. భూముల విషయంలోనూ వదిలి వెళ్ళడాన్నే పట్టుకున్నారు, అమరం చెప్పింది అదే కదా.

ఇక దిక్కు సంగతి. ఇల్లు ఎటుందో తెలుసు, నిజమే. ఎటు నుంచి పోతే ప్రాణాలతో చేరతామన్నది తెలియదు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. ఊళ్ళో సగం దాకా భారతీయులే. రేవు కూలీల్లో మనవాళ్ళు ఎక్కువ. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని ‘కోరంగీలు’ అనేవారు. ఓడలో చోటు దొరకడం కూలివాడికి కల. మిగిలింది నడక. ఒక దారి పడమరకి: ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, అరకాన్ కొండల్లో తౌంగుప్ కనుమ మీదుగా సముద్రతీరానికి, అక్కణ్ణుంచి అక్యాబ్, చిట్టగాంగ్. కలరా, మంచినీళ్ళ కరువు జనాన్ని తినేసిన దారి అది. రెండోది ఉత్తరానికి: మాండలే, మోనివా, చింద్విన్ నది వెంట కలేవా, తమూ, కొండలెక్కి దిగితే ఇంఫాల్, ఆపైన రైలు కోసం దిమాపూర్. ఇంకా పైన హుకాంగ్ లోయ గుండా లీడో చేరే దారీ ఉంది, వానల్లో బురద, జలగలు, మలేరియా. 1942 మార్చి 8న రంగూన్ జపాను చేతిలో పడ్డాక పడమటి దారి మూసుకుపోతూ వచ్చింది, జనం ఉత్తరానికి మళ్ళారు. దారిలో ఎంతమంది పోయారో సరైన లెక్క ఎవరూ కట్టలేదు.

‘కాం దిశం’ అని అడగడానికి ఇంతకన్నా సందర్భం ఏముంటుంది?

‘నడిచొచ్చీసేరు’ మాత్రం వదలకండి. అది అసలు వాక్యం, కాందిశీకులు అన్నది శీర్షికలో పెట్టుకోండి.

మరొకరు

‘వలస’ని అందరూ మర్చిపోయారు. ఇప్పుడు పని కోసం పోవడమే వలస అనుకుంటున్నాం గాని, పాత నిఘంటువుల్లో శత్రుసైన్యానికి భయపడి ఊరు విడిచిపోవడం అనే అర్థమూ ఉంది. అలా చూస్తే ఈ ముత్తాతగారు రెండుసార్లు వలసపోయారు, పోయేటప్పుడు కొత్త అర్థంలో, వచ్చేటప్పుడు పాత అర్థంలో. ఇంకో సంగతి, విశాఖలో బర్మా క్యాంపు వాళ్ళని వీళ్ళతో కలపకండి. 1962లో బర్మాలో సైన్యాధిపతి నే విన్ అధికారంలోకి వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక ఓడల్లో వచ్చిన తరం వాళ్ళది.

అడిగినవారు

అందరికీ థాంక్సండీ. శీర్షిక ‘కాందిశీకులు’, లోపల ‘నడిచొచ్చీసేరు’. చివరిగా ఒక్కటి. మా ముత్తవ్వ కూడా చంటిపిల్లని ఎత్తుకుని ఆయనతోపాటే నడిచింది. ఆవిడని ఏమని రాయను?

మొదటి జవాబు రాసినవారు

కాందిశీకురాలు. నాయకురాలు లాగే. వాడుకలో పెద్దగా కనపడదు గాని తప్పేం కాదు, రాసేయండి.