పెళ్లి చదివింపుల్లో గిఫ్ట్ కార్డు ఇస్తే ఏమైనా అనుకుంటారా?

తిరుచానూరులో పెళ్లి, పెళ్లికూతురు మా ఆఫీసు అమ్మాయి. అందరం కలిసి 10,000 దాకా వేసుకుంటున్నాం. కవరు బదులు గిఫ్ట్ కార్డు ఇద్దామని కుర్రాళ్లు, వద్దని పెద్దవాళ్లు.

రూల్స్ తెలుసు. ప్రీపెయిడ్ గిఫ్ట్ కార్డు ఒక్కోటి 10,000 దాటకూడదు, మళ్లీ డబ్బు వేయలేం, ఏటీఎంలో తీయలేరు. నగల షాపు కార్డయితే ఆ షాపుకే వెళ్లాలి. గోల్డ్ కాయిన్లకు చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

చిక్కల్లా మండపంలోనే. చదివింపులు రాసే పెద్దాయన నోటుబుక్కులో పేరు, ఊరు, ఎంతో రాసుకుంటాడు. కార్డుకు ఏమని రాయించాలి? రేపు వాళ్లు తిరిగి పెట్టేది ఆ లెక్క చూసే కదా! పైగా సున్నాలతో ముగిస్తే బాగోదు. 9,000 కార్డు, 1,116 నగదు ఒకే కవర్లో పెడితే సరిపోతుందా? కవర్లన్నీ ఒకే సంచిలో పడతాయి, గీకి కోడ్ చూసుకునే కార్డు ఎవరి చేతిలో పడితే వాళ్లదే. వాట్సాప్‌లో కోడ్ పంపితే ఆ భయం లేదు గానీ, అక్షింతలు వేసి ఉత్త చేతులతో దిగినట్టుంటుంది.

తిరుపతి, చిత్తూరు వైపు ఈమధ్య ఎవరైనా ఇచ్చారా? అమ్మానాన్నలు ఎలా తీసుకున్నారు? బిల్లు జత చేయాలా, అక్కర్లేదా?